సృష్టివాదుల రెండు గంపలు

మనిషి వానరజాతి నుంచి పరిణమించాడనే సిద్ధాంతాన్ని కాదనే మతవిశ్వాసి ముందు ఒక పాత పుర్రె తెచ్చిపెడితే అతను ఏం చేస్తాడు? కళ్లు మూసుకుంటాడనీ, చెవులు పొడుచుకుని ప్రార్థనకు కూర్చుంటాడనీ మనలో చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి అట్లా లేదు. అతను ఆ పుర్రెను చేతిలోకి తీసుకుంటాడు. అటూ ఇటూ తిప్పి చూస్తాడు. కొలుస్తాడు. దాన్ని గురించి లావుపాటి పుస్తకం రాస్తాడు. నూటయాభై యేళ్లకు పైగా సాగుతున్న ఈ పనిని మనవాళ్లు ఉత్త అజ్ఞానం అని కొట్టిపారేశారు గాని, దాని పద్ధతి ఏమిటో శ్రద్ధగా చూసినట్టు లేదు. చూడటం అవసరం. ఎందుకంటే ఆ పద్ధతిలోనే, దాన్ని వాడేవాళ్లకు తెలియకుండా, పరిణామవాదానికి ఒక సాక్ష్యం దాగివుంది.

సృష్టివాది అంటే దేవుణ్ణి నమ్మే ప్రతివాడూ కాదు. ఈ తేడా మొదట్లోనే చెప్పుకోకపోతే అక్కరలేనివాళ్లతో తగాదా పెట్టుకున్నవాళ్లమవుతాం. మానవ శరీరం పూర్వజీవుల నుంచి వచ్చిందా అన్న విషయం పరిశోధించటానికి అభ్యంతరం లేదని పోపు పన్నెండవ పయస్ 1950లోనే ప్రకటించాడు, ఆత్మను మాత్రం దేవుడే సృష్టించాడనే షరతు మీద. పరిణామం ఉత్త ప్రతిపాదన దశను దాటిపోయిందని 1996లో రెండవ జాన్ పాల్ ఒప్పుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దపు జన్యుశాస్త్రంలో మహామహుడైన డోబ్‌జాన్‌స్కీ క్రైస్తవ విశ్వాసి. నేనిక్కడ మాట్లాడుతున్నది బైబిలు ఆదికాండాన్ని అక్షరాలా చరిత్రగా పట్టుకు కూర్చున్నవాళ్లను గురించి, ముఖ్యంగా అమెరికా ప్రొటెస్టెంటు ఛాందసులను గురించి. వారి లెక్కలో మనిషి ఒక సృష్టి, జంతువు వేరొక సృష్టి. రెంటికీ మధ్య ఏదీ లేదు, వుండటానికి వీల్లేదు. మధ్యస్థమైనది ఒక్కటి దొరికినా కట్టడం మొత్తం కూలుతుంది.

1856లో జర్మనీలోని నియాండర్ లోయలో సున్నపురాయి గని కూలీలు ఒక గుహలోని మట్టి ఎత్తిపోస్తూంటే ఎముకలు బయటపడ్డాయి. ఎలుగుబంటివి కాబోలునని పక్కన పెట్టారు. అవి మనిషివేననీ, కాని మనబోటి మనిషివి కావనీ మొదట గుర్తించినవాడు ఫూల్‌రోట్ అనే బడిపంతులు. నుదురు వెనక్కి వాలి వుంది, కనుబొమల దగ్గర ఎముక గట్టులా ముందుకు పొడుచుకు వచ్చింది, తొడ ఎముకలు వంగివున్నాయి. పండితులకు ఇది మింగుడుపడలేదు. బాన్ నగరంలో శరీరశాస్త్రం చెప్పే మేయర్ అనే ఆయన 1864లో ఒక వ్యాఖ్యానం చేశాడు: నెపోలియన్ వెంటపడి 1814లో రైను నది దాకా వచ్చిన రష్యా కొసాక్కు రౌతు ఒకడు జబ్బుపడి ఆ గుహలో దూరి చచ్చిపోయాడు, జన్మంతా గుర్రం మీద గడపటం వల్ల కాళ్లు వంగాయి. మరి ఆ రౌతు చనిపోయే ముందు తన బట్టలూ, ఆయుధాలూ ఏం చేశాడు? అంతమందం మట్టికింద తనను తాను ఎట్లా పూడ్చుకున్నాడు? హక్స్‌లీ ఈ కథను చూసి తెగ నవ్వుకున్నాడు.

ఆ కాలంలోనే విర్షో అనే మహావైద్యుడు అవి రోగిష్టి మనిషి ఎముకలనీ, రికెట్సూ కీళ్లవాతమూ వాటినట్లా మార్చాయనీ తేల్చాడు. విర్షో మతఛాందసుడు కాడు. బిస్మార్కును ఎదిరించిన ఉదారవాది. దొరికింది ఒకటే అస్థిపంజరం, అదీ సగం. అట్లాంటప్పుడు సందేహించటంలో తప్పులేదు. కాని 1886లో బెల్జియంలో స్పీ అనే చోట అదే మాదిరి అస్థిపంజరాలు రెండు, పాతరాతి పనిముట్లతో సహా దొరికాయి. ముగ్గురికీ ఒకే రోగం, ఒకే తీరున వచ్చిందనటం కష్టమయింది. సందేహానికీ నిరాకరణకూ తేడా ఇక్కడ తేలుతుంది. ఏది దొరికితే తాను ఒప్పుకుంటాడో సందేహించేవాడు చెప్పగలడు. నిరాకరించేవాడు చెప్పడు, లేదా చెప్పి, అది దొరికినాక ఇంకోటి అడుగుతాడు.

డచ్చి వైద్యుడు యూజీన్ దుబ్వా సంగతి మరీ విచిత్రం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం వదులుకుని, కోతికీ మనిషికీ మధ్యరూపాన్ని వెతకటానికే 1887లో సైనిక వైద్యుడిగా డచ్చి వలసరాజ్యానికి ఓడ ఎక్కాడు. జావాలో సోలో నదిగట్టున ట్రినిల్ దగ్గర 1891లో పుర్రె పైచిప్ప, మరుసటేడు ఒక తొడ ఎముక అతనికి దొరికాయి. (దొరికాయి అనటమే గాని, తవ్వింది అతను కాదు. వలస ప్రభుత్వం ఇచ్చిన యాభైమంది ఖైదీ కూలీలు తవ్వారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.) పుర్రెలో మెదడు పట్టే చోటు చూస్తే నరవానరానికి ఎక్కువ, మనిషికి తక్కువ. 1894లో దానికి పిథెకాంత్రోపస్ ఎరెక్టస్, అంటే నిటారుగా నిలిచిన కోతిమనిషి, అని పేరు పెట్టాడు. మనం ఇప్పుడు హోమో ఎరెక్టస్ అంటున్నది దీన్నే.

దీనిమీద సృష్టివాదులు చెప్పే కథలు రెండు. దుబ్వా అదే ప్రాంతంలో వజాక్ అనే చోట దొరికిన నేటి మనిషి పుర్రెల్ని ముప్పై యేళ్లు దాచిపెట్టాడనేది ఒకటి. చివరి రోజుల్లో తన తప్పు ఒప్పుకుని, జావా మనిషి ఉత్త గిబ్బన్ కోతి అని తానే రాశాడనేది రెండోది. వజాక్ పుర్రెల గురించి అతను ఆ తొలినాళ్ల సర్కారు నివేదికల్లోనే రాశాడు. వాటిని వివరంగా ప్రకటించటంలో ఆలస్యం చేశాడు, నిజమే. మనిషి అసూయాపరుడు, అనుమానపు పిశాచం, తన ఎముకల్ని ఎవరికీ చూపించకుండా యేళ్లతరబడి పెట్టెలో పెట్టుకున్నాడు. గిబ్బన్ కథ ఇంకా తమాషాగా వుంటుంది. జంతువు మెదడు పరిణామంలో మెట్టుమెట్టుకూ రెట్టింపవుతుందని దుబ్వాకు ఒక సొంత సిద్ధాంతం వుండేది. జావా మనిషి మనిషికి సరిగ్గా సగం మెట్టున నిలవాలంటే అతని ఒళ్లు బాగా పెద్దదై వుండాలి. అందుకని గిబ్బన్ కొలతల ప్రకారం ఒళ్లు లెక్క కట్టాడు. అంటే ఆ పుర్రెను మధ్యరూపపు పీఠం మీద స్థిరంగా కూర్చోబెట్టటానికే గిబ్బన్‌ను తెచ్చాడు, దించటానికి కాదు. ఆ సిద్ధాంతం తప్పు. కాని తప్పు సిద్ధాంతం చెప్పటం వేరు, తన మాట వెనక్కి తీసుకోవటం వేరు. తొడ ఎముక విషయంలో మాత్రం, అది పుర్రె అంత పాతది కాకపోవచ్చుననే అనుమానం శాస్త్రజ్ఞుల్లోనే వుంది. అయితేనేం, 1937 నుంచి అదే ద్వీపంలో సాంగిరాన్ దగ్గర అట్లాంటి పుర్రెలు మరికొన్ని దొరికాయి. చైనాలో పీకింగు దగ్గర 1929లో పైవెన్‌చుంగ్ మొదటి పుర్రె చిప్పను బయటికి తీశాడు. ఆ ఎముకలు యుద్ధకాలంలో, 1941లో, గల్లంతైతే దానిలోనూ కుట్రను చూసినవాళ్లున్నారు. వాటి అచ్చులూ, కొలతలూ, బొమ్మలూ మిగిలేవున్నాయి.

1925 సంవత్సరం దగ్గర కొంచెం ఆగాలి. ఆ యేడాది ఫిబ్రవరిలో రేమండ్ డార్ట్ దక్షిణాఫ్రికాలోని టాంగ్ దగ్గర దొరికిన పసివాడి పుర్రెను లోకానికి పరిచయం చేశాడు. మార్చిలో అమెరికాలోని టెనిసీ రాష్ట్రం, సర్కారు బళ్లలో మానవ పరిణామం బోధించటం నేరమని శాసనం చేసింది. జూలైలో డేటన్ అనే చిన్న పట్నంలో స్కోప్స్ అనే కుర్ర ఉపాధ్యాయుణ్ణి ఆ శాసనం కింద విచారించి వంద డాలర్లు జరిమానా వేశారు. (తర్వాత పైకోర్టు ఒక సాంకేతిక కారణం చెప్పి శిక్షను కొట్టేసింది. శాసనం మాత్రం 1967 దాకా చావలేదు.)

ఈ విచారణను మన పత్రికలు వెలుగుకూ చీకటికీ జరిగిన కుస్తీగా వర్ణిస్తూ వచ్చాయి. సగమే నిజం. ప్రాసిక్యూషను పక్షాన నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ ధనస్వాముల తొత్తు కాడు. మూడుసార్లు అధ్యక్షపదవికి పోటీచేసి, రైతుల అప్పుల గురించీ, బ్యాంకుల దోపిడీ గురించీ గర్జించినవాడు. అమెరికా ఫిలిప్పీన్సును మింగటాన్ని వ్యతిరేకించినవాడు. బలవంతుడే బతుకుతాడనే డార్విన్ పేరిటి మాట మిల్లు యజమానుల నోళ్లలోనూ, జర్మను సేనానుల నోళ్లలోనూ ఎట్లా పలికిందో అతను విన్నాడు. అతని భయం ఊహాజనితమైంది కాదు. స్కోప్స్ పాఠం చెప్పాడన్న హంటర్ జీవశాస్త్ర పుస్తకంలో పరిణామం వున్నమాట నిజమే. అదే పుస్తకంలో మానవజాతులు అయిదనీ, వాటిలో తెల్లజాతి అత్యున్నతమనీ, అవిటివాళ్లూ బుద్ధిమాంద్యులూ సంతానం కనకుండా చూడాలనీ కూడా వుంది. ఆనాటి అమెరికా మేధావుల్లో ఈ విషాన్ని విషమని చెప్పినవారు తక్కువ. బ్రయన్ చేసిన పొరపాటు, జబ్బు సంఘంలో వుంటే పుర్రెను నిందించటం. తన ఓటర్లను పీల్చిపిప్పి చేస్తున్న శక్తుల్ని పేరుపెట్టి పిలవగలిగినవాడు, చివరికి ఒక ఇరవైనాలుగేళ్ల పంతులును బోనులో నిలబెట్టి తృప్తిపడ్డాడు. తీర్పు వచ్చిన అయిదో రోజున చనిపోయాడు.

నగరాల పత్రికలు ఛాందసుల్ని ఎగతాళి చేశాయి గనక వాళ్లు ఓడిపోయారని లోకం అనుకుంది. బళ్లలో జరిగింది వేరు. పాఠ్యపుస్తకాల ప్రచురణకర్తలకు దక్షిణాది రాష్ట్రాల మార్కెట్టు ముఖ్యం. హంటర్ పుస్తకాన్నే 1926లో సవరించి, పరిణామం అనే మాట కనబడకుండా చేసి అమ్మారు. డార్విన్ పేరు అమెరికా పాఠాల్లోంచి మెల్లగా జారిపోయింది. ఒక తరం మొత్తం ఆ పాఠం లేకుండా పెద్దదయింది. కోర్టులో ఎవరు గెలిచారనే ప్రశ్న కంటే పుస్తకాల గోడౌనులో ఎవరు గెలిచారనే ప్రశ్న ముఖ్యమని ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

శాస్త్రజ్ఞుల తప్పులు చూపించటం సృష్టివాదులకు చాలా ఇష్టం. వాటిలో రెండు ప్రసిద్ధమైనవి. నెబ్రాస్కాలో దొరికిన ఒక పన్నును చూసి 1922లో ఆస్బర్న్ అది అమెరికా నరవానరానిదన్నాడు. 1927లో అది పంది వంటి జంతువు పన్ను అని తేలింది. తేల్చింది ఎవరు? అదే చోట మళ్లీ తవ్విన శాస్త్రజ్ఞులే. ఇంతకంటే ఘోరమైంది ఇంగ్లండులో పిల్ట్‌డౌన్ మోసం. 1912లో బయటపెట్టిన ఆ పుర్రె మనిషిది, దవడ ఒరాంగుటాన్‌ది. రంగు పూసి, పళ్లు అరగదీసి జత చేశారు. నలభైయేళ్లకు, 1953లో, రసాయన పరీక్షల వల్ల గుట్టు రట్టయింది. ఇదీ శాస్త్రజ్ఞుల పనే.

అయితే ఇంగ్లీషు పండితులు దాన్ని అన్నాళ్లు ఎందుకు నమ్మారనే ప్రశ్నను దాటేయకూడదు. ఆ నకిలీ పుర్రె వాళ్లు వినగోరిన మాటే చెప్పింది: ముందు మెదడు పెరిగింది, తర్వాతే మిగతా ఒళ్లు మనిషిదయింది, పైగా ఆ ఆదిమానవుడు ఇంగ్లీషువాడు. మేధావివర్గం తన వృత్తినే మానవచరిత్రకు ఆదికారణం చేసుకుంది. అందుకే టాంగ్ పసివాడు వచ్చినప్పుడు అతణ్ణి ఇంట్లోకి రానివ్వలేదు. అతని మెదడు చిన్నది, నాలుగువందల ఘనసెంటీమీటర్లకు అటూ ఇటూ. తల మాత్రం వెన్ను మీద నిటారుగా నిలిచింది. పైగా పుట్టిల్లు ఆఫ్రికా. డార్ట్ చెప్పింది నిజమని ఆర్థర్ కీత్ ఒప్పుకోవటానికి 1947 దాకా పట్టింది. ముందు నిలబడటం, చేతులు ఖాళీ కావటం, చేతులు పనికి అలవాటుపడటం, ఆ పని మెదడును పెంచటం అనే క్రమాన్ని ఎంగెల్స్ 1876లోనే, ఒక్క ఎముకా చేతిలో లేకుండా, శ్రమ పాత్రను గురించిన వ్యాసంలో ఊహించాడు. ఆ వ్యాసం అతను పోయిన మరుసటేడు, 1896లో, అచ్చయింది. దానిలోని జీవశాస్త్రం అంతా ఇవాళ నిలవదు. ఆర్జించిన లక్షణాలు వారసత్వంగా వస్తాయనే పాత అభిప్రాయం అతనిలోనూ వుంది. కాని పాదం ముందు, పుర్రె తర్వాత అనే మాట నిలిచింది. శాస్త్రజ్ఞులకు పక్షపాతాలు వుంటాయని సృష్టివాదులు అంటే మనం కాదనక్కరలేదు. ఆ పక్షపాతాన్ని ఓడించింది ఏమిటి అనేదే ప్రశ్న. మరిన్ని ఎముకలే.

1957లో సోవియట్ యూనియను స్పుత్నిక్‌ను ఎగరేసింది. దానితో అమెరికా పాలకవర్గానికి తమ బళ్లలో సైన్సు ఎంత అధ్వాన్నంగా వుందో హఠాత్తుగా గుర్తుకొచ్చింది. సర్కారు డబ్బుతో కొత్త జీవశాస్త్ర పుస్తకాలు తయారయ్యాయి, డార్విన్ తిరిగివచ్చాడు. ఛాందసులూ లేచారు. 1961లో విట్కంబ్ అనే మతపండితుడూ, హెన్రీ మోరిస్ అనే జలశక్తి ఇంజనీరూ కలిసి నోవహు జలప్రళయంతో భూగర్భశాస్త్రాన్నంతా వివరించే పుస్తకం రాశారు. 1970 తర్వాత మోరిస్ కాలిఫోర్నియాలో సృష్టిపరిశోధన సంస్థను పెట్టాడు. అతని కుడిభుజం డ్వేన్ గిష్ జీవరసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. మతగ్రంథం పక్కన పెట్టి, సైన్సు భాషలోనే సైన్సును కాదనటం వీళ్లు తెచ్చిన కొత్త రీతి. దాని పేరు సృష్టిశాస్త్రం.

మానవ శిలాజాల విషయంలో వీళ్లు వాడే పద్ధతిని రెండు గంపల పద్ధతి అనొచ్చు. ఒక గంప మీద కోతి అని రాసివుంటుంది, రెండోదాని మీద మనిషి అని. మూడో గంప లేదు. ఏ పుర్రె దొరికినా ఈ రెంటిలో ఒకదానిలో పడెయ్యాలి. పడేసినాక, చూడండి, మధ్యరూపం ఒక్కటీ లేదు అని చేతులు దులుపుకోవాలి. ఈ తర్కంలో నేర్పు వుంది. వున్న గంపలు రెండే అయినప్పుడు మూడో గంపలో ఏమీ లేదని నిరూపించటం తేలికే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గంపలు మోసేవాళ్లు ఒక మాట మీద లేరు. జావా, పీకింగు మనుషులు కోతులేనని గిష్ ఖండితంగా చెప్పాడు. 1992లో లూబెనో అనే మరో సృష్టివాది అదే హోమో ఎరెక్టస్ నూటికి నూరుపాళ్లూ మనిషేనని, ఆదాము సంతతేనని పుస్తకం రాశాడు. కెన్యాలో 1972లో దొరికి 1470 అనే అంకెతో పేరుపడ్డ పుర్రె సంగతి మరీ విడ్డూరం. దాని మెదడు ఏడువందల యాభై ఘనసెంటీమీటర్లు, వయసు పందొమ్మిది లక్షల యేళ్లు. దాన్ని గిష్ మొదట మనిషి గంపలో వేశాడు. 1985 నాటి పుస్తకంలో కోతి గంపలోకి మార్చాడు. మొదటి లెక్క ప్రకారం తొమ్మిదివందలకు పైబడిన మెదడున్న జావా మనిషి కోతి, అంతకంటే చిన్న మెదడున్న 1470 మనిషి! 1984లో అదే దేశంలో తుర్కానా సరస్సు దగ్గర కమోయా కిమేయు అనే అనుభవజ్ఞుడైన తవ్వకందారు ఒక కుర్రవాడి అస్థిపంజరాన్ని దాదాపు పూర్తిగా కనిపెట్టాడు. మెడ కింది ఎముకలు చూస్తే పొడగరి కుర్రాడు, మనవాడే అనిపిస్తాడు. పుర్రె చూస్తే గిష్ కోతి అన్న జావా మనిషికి దాయాది.

2010లో దక్షిణాఫ్రికాలో సెడిబా అనే కొత్త జాతిని ప్రకటించినప్పుడు, టాడ్ వుడ్ అనే సృష్టివాద జీవశాస్త్రజ్ఞుడు లెక్కలు కట్టి, అది మనుషుల గుంపుకే చెందుతుందన్నాడు. అది ఆస్ట్రలోపితికస్, అంటే టాంగ్ పసివాడి గోత్రం! సాటి సృష్టివాదులు ఒప్పుకోలేదు. నిజంగా మనిషికీ కోతికీ మధ్య దాటరాని అగాధం వుంటే, ఏ పుర్రె ఏ ఒడ్డున వుందో చెప్పటంలో తగాదా రాకూడదు. గుర్రాన్నీ గేదెనూ చూపిస్తే ఏది ఏదో చెప్పటానికి పల్లెటూళ్లో ఇద్దరు పోట్లాడుకోరు. ఇక్కడ ఇద్దరు విశ్వాసులు, ఒకే గ్రంథం చదివినవాళ్లు, ఒకే పుర్రెను చూసి ఒకరు అచ్చమైన కోతి అనీ ఒకరు అచ్చమైన మనిషి అనీ అంటున్నారు. మధ్యరూపం అనే మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం ఏ పరిణామవాదీ ఇవ్వలేడు.

ఒక్కొక్కప్పుడు ఒకే జీవిని నిలువునా రెండు ముక్కలు చేయవలసివస్తుంది. ఇథియోపియాలో 1974లో లూసీ దొరికింది. ముప్పైరెండు లక్షల యేళ్ల నాటిది, అస్థిపంజరంలో నలభై శాతం. తుంటి ఎముకా మోకాలూ నిలబడి నడిచిన జీవివి, తల చింపాంజీ అంత. 1978లో టాంజానియాలో లేటోలి దగ్గర మేరీ లీకీ బృందానికి అగ్నిపర్వతపు బూడిదలో గట్టిపడ్డ అడుగుజాడలు దొరికాయి. ముప్పైఆరు లక్షల యేళ్ల నాటివి. మన పాదాల వంటి పాదాలు, బొటనవేలు పక్కవేళ్లతో కలిసే వుంది. లూసీ బంధువులే అక్కడ నడిచారని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సృష్టివాది ఏమన్నాడు? లూసీ తల చిన్నది గనక లూసీ కోతి. అడుగులు మనిషివిలా వున్నాయి గనక ఆ నడిచినవాడు మనిషి. తల సాక్ష్యం కావలసినప్పుడు పాదం లెక్కలోకి రాదు, పాదం సాక్ష్యం కావలసినప్పుడు తల లెక్కలోకి రాదు. కెంటకీ రాష్ట్రంలో 2007లో తెరిచిన వాళ్ల సృష్టి మ్యూజియంలో లూసీ బొమ్మను పిడికిళ్లు నేలకానించి నాలుగుకాళ్ల మీద నడిచే గొరిల్లాలా పెట్టారు. తుంటి ఎముకతో వాళ్లకు పని లేదు.

వాళ్ల తరఫు సాక్ష్యం ఒకటి వుండేది. టెక్సాసులోని పలక్సీ యేటి అడుగున డైనోసారు జాడల పక్కన మనిషి అడుగులు వున్నాయనీ, కనక కోట్ల యేళ్ల లెక్కలన్నీ అబద్ధమనీ దశాబ్దాలపాటు ప్రచారం చేశారు, సినిమా కూడా తీశారు. 1930ల ఆర్థిక సంక్షోభంలో పూట గడవక అక్కడివాళ్లు కొందరు రాళ్లమీద మనిషి పాదాలు చెక్కి అమ్ముకున్నారు. వాళ్లను తప్పుపట్టటానికి నాకు మనసొప్పదు. మిగతా జాడలు డైనోసారు మడమ అచ్చులు, వేళ్ల గుర్తులు మట్టితో పూడిపోయినవి. 1986 నాటికి సృష్టిపరిశోధన సంస్థ కూడా ఆ వాదాన్ని పక్కన పెట్టవలసివచ్చింది.

ఎముకల దగ్గర నెగ్గలేనివాళ్లు శాసనసభలనూ బడి కమిటీలనూ పట్టుకున్నారు. పరిణామ బోధనను నిషేధించటం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1968లో తీర్పు చెప్పింది. అయితే రెంటికీ సమాన సమయం ఇవ్వండి అన్నారు. ఆర్కన్సా రాష్ట్రం చేసిన అట్లాంటి శాసనాన్ని 1982లో ఓవర్టన్ అనే జడ్జి కొట్టేశాడు. ఆ దావా వేసినవాళ్లలో ఎక్కువమంది నాస్తికులు కారు. మెథడిస్టు, ఎపిస్కోపల్, కాథలిక్ బిషప్పులు. 1987లో సుప్రీంకోర్టు లూయిసియానా శాసనాన్నీ కొట్టేసింది. ఇక సృష్టి అనే మాటే బళ్లో పలకటానికి వీల్లేకపోయింది. అప్పుడు వచ్చింది బుద్ధిపూర్వక రూపకల్పన అనే కొత్త వేషం; రూపకర్త ఎవరో చెప్పరు, అందరికీ తెలుసు.

పెన్సిల్వేనియాలో డోవర్ అనే వూరి బడి కమిటీ ఈ కొత్త సరుకును పిల్లలకు పరిచయం చేయబోతే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2005లో ఆ విచారణలో ఆ బడికి తెచ్చిన పుస్తకం పాత చిత్తుప్రతులు బయటపడ్డాయి. 1987 తీర్పుకు ముందటి ప్రతిలో సృష్టివాదులు అని వున్నచోటల్లా తర్వాతి ప్రతిలో రూపకల్పన సమర్థకులు అని మార్చారు. తొందరలో ఒకచోట పాత ఇంగ్లీషు మాట తల, తోక అట్లాగే మిగిలి, నడుమ కొత్త మాట ఇరుక్కుని, సిడిజైన్ ప్రొపొనెన్సిస్ట్స్ అనే ఏ నిఘంటువులోనూ లేని మాట పుట్టింది. మధ్యరూపాలు లేవని యాభై యేళ్లుగా వాదించినవాళ్ల సొంత పుస్తకంలోనే ఒక మధ్యరూపం దొరికింది. బుష్ నియమించిన జడ్జి జోన్స్, స్వయంగా చర్చికి పోయేవాడు, ఇది మతమే గాని సైన్సు కాదని తీర్పు చెప్పాడు.

అదే కోర్టులో చెప్పిన జన్యు సాక్ష్యం కూడా చూడాలి, ఎందుకంటే ఇది గంపలో పట్టని సరుకు. చింపాంజీకీ, గొరిల్లాకూ, ఒరాంగుటాన్‌కూ క్రోమోజోములు ఇరవైనాలుగు జతలు, మనకు ఇరవైమూడు. పుట్టుక ఒకటే అయితే మిగిలిన జత ఏమయింది? వాటికి విడివిడిగా వున్న రెండు మనలో అతుక్కుని ఒకటయ్యాయి. మన రెండో నంబరు క్రోమోజోము మధ్యలో, చివర్లలో మాత్రమే వుండవలసిన గుర్తులు వున్నాయి. పనిచేయని రెండో కేంద్రబిందువు శేషమూ వుంది. అట్లాగే సి విటమినును శరీరంలో తయారుచేసుకునే జన్యువు మనలోనూ, నరవానరాల్లోనూ ఒకే తీరున చెడిపోయివుంది. ఒకే రూపకర్త ఒకే రకం సామాను వాడాడని సృష్టివాదుల జవాబు. ఉపాధ్యాయులకు దీని సంగతి తెలుసు. ఇద్దరు పిల్లల కాగితాల్లో ఒకే సరైన జవాబు వుంటే ఇద్దరూ చదివారనుకోవచ్చు; ఒకే చోట ఒకే వింత తప్పు వుంటే ఏమనుకుంటాం?

ఇదంతా అమెరికా గొడవ అని మనం తీరిగ్గా కూర్చోవటానికి లేదు. మన దేశంలో ఈ వ్యవహారం వేరే దారిన నడిచింది. 2018 జనవరిలో కేంద్ర మానవవనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారటం మన పూర్వీకులెవరూ చూసినట్టు చెప్పలేదు గనక డార్విన్ సిద్ధాంతం తప్పనీ, దాన్ని పాఠాల్లోంచి తీసెయ్యాలనీ అన్నాడు. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలూ కలిసి ఖండించాయి. ఇది అమెరికా బాణీకి దగ్గర. మన సొంత బాణీ మరుసటేడు జలంధరులో, భారత సైన్సు కాంగ్రెసు వేదిక మీద, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలరు నోట వినబడింది: డార్విన్ కంటే దశావతారాలే మెరుగైన పరిణామ సిద్ధాంతమట. ఈ పోలిక కొత్తది కాదు. 1877లో బ్లవట్‌స్కీ, 1882లో కేశవ్‌చంద్ర సేన్ చెప్పిందే. అమెరికా ఛాందసుడు సాక్ష్యాన్ని కాదంటాడు, మనవాడు ఇది మాకు ముందే తెలుసు అంటాడు. రెండోది మర్యాదగా కనిపిస్తుంది గనక మనవాళ్లలో చదువుకున్నవాళ్లు దీనికి తేలిగ్గా లొంగుతారు. కాని కూర్మం మత్స్యం కడుపున పుట్టలేదు, వరాహం కూర్మం కడుపున పుట్టలేదు. ప్రతిసారీ పైనుంచి దిగివచ్చినవాడు ఒకడే, ప్రతిసారీ ఒక పనిమీద. పూర్వజీవి నుంచి తర్వాతి జీవి రావటం అనే అసలు సంగతి ఆ కథలో లేనే లేదు. ఆ అవతారాల్లో ఎవరు ఎవర్ని అణిచారో చూడమని ఫూలే 1873లోనే 'గులాంగిరీ'లో అడిగాడు. ముఖం నుంచి ఒకణ్ణీ పాదాల నుంచి ఒకణ్ణీ పుట్టించిన సంప్రదాయానికి, అందరూ ఒకే ఆఫ్రికా తల్లి బిడ్డలనే మాట ఎందుకు రుచించదో పెద్దగా వివరించనక్కరలేదు.

మన వాకిలి కూడా వూడ్చుకోవాలి. 1948లో మాస్కోలో లైసెంకో వర్గం జన్యుశాస్త్రాన్నే బహిష్కరించింది. అంతకు ముందే, 1943లో, వవిలోవ్ వంటి మహాశాస్త్రజ్ఞుడు సరతోవ్ జైల్లో చనిపోయాడు. అక్కడ పట్టుకు కూర్చున్నది బైబిలు కాదు, కాని జరిగింది మాత్రం పొలంలోని మొక్కను తీర్మానానికి లోబడమనటమే. ఆ అధ్యాయాన్ని దాటేసి సృష్టివాదుల్ని వెక్కిరిస్తే ఎదుటివాడు అడిగే మొదటి ప్రశ్నకే మన నోరు మూతపడుతుంది.

2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదో తరగతి సైన్సు పుస్తకంలో వంశపారంపర్యం, పరిణామం అనే పాఠంలోంచి పరిణామాన్ని శాశ్వతంగా తీసేసింది. కోవిడ్ రోజుల్లో పిల్లలకు బరువు తగ్గించే పేరుతో తాత్కాలికంగా చేసిన కోతను ఆ రూపంలో స్థిరపరిచింది. ఎవరూ డార్విన్ తప్పు అనలేదు. ఏ పుర్రెనూ ఏ గంపలోనూ వెయ్యలేదు. పద్దెనిమిది వందలమందికి పైగా శాస్త్రజ్ఞులూ ఉపాధ్యాయులూ సంతకాలు చేసి నిరసన తెలిపారు. పన్నెండో తరగతిలో జీవశాస్త్రం తీసుకున్నవాళ్లకు ఆ పాఠం వుంది గదా అనేది జవాబు. పదో తరగతి తర్వాత లెక్కలకో, కామర్సుకో, ఐటిఐకో, లేక నేరుగా పొలానికో పోయేవాడు ఆ పన్నెండో తరగతి పుస్తకం తెరవడు.